నలభైలో రెండు: ఫ్లోరైడ్ శాతాల లెక్క ఎక్కడ తప్పుతోంది?

నల్లగొండ జిల్లాలో ఒక మండలం నుంచి 40 బోర్ల నీళ్లు పరీక్షకు పంపారనుకుందాం. రెండింటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. అంటే 5 శాతం. ఆ 5 పక్కన ‘ఇంత అటూ ఇటూ’ అని ఒక అంకె చేర్చి నివేదిక ముగిస్తే నాకు టెన్షన్ వస్తుంది. మర్రిగూడ వైపు ఊళ్లలో వంకర తిరిగిన కాళ్లను చూసినవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకో తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన పేరే పెట్టారు. అలాంటి చోట లెక్క తప్పకూడదు.

ఆ ‘అటూ ఇటూ’ అంకెను మామూలు సూత్రంతోనే చూద్దాం. 0.05ను 0.95తో గుణించి, 40తో భాగించి, వర్గమూలం తీస్తే 3.4 శాతం చిల్లర. నూటికి 95 సార్లు నిజమైన శాతం లోపలే పడేలా దాన్ని 1.96తో గుణిస్తే 6.8. ఐదులోంచి తీసేస్తే మైనస్ 1.8! చెడ్డ బోర్లు సున్నా కన్నా తక్కువ ఉంటాయా? గుణకారం సరిగ్గానే ఉంది. గంట ఆకారపు నార్మల్ వక్రరేఖను ఇక్కడ వాడటమే తప్పు.

అదే మండలంలో మళ్లీ మళ్లీ 40 బోర్లు ఏరుతూ పోయామనుకోండి. నిజంగా చెడ్డవి 5 శాతమే అయితే ఎక్కువసార్లు సున్నా, ఒకటి, రెండు, మూడు దొరుకుతాయి. ఎప్పుడో ఒకసారి ఆరో ఏడో. ఎడమవైపు సున్నా గోడలా అడ్డం ఉంటుంది, కుడివైపు తోక సాగుతుంది. గంటకు రెండు వైపులా సమానంగా చోటు కావాలి. అందుకే చెడ్డవీ మంచివీ రెండూ కనీసం పదేసి ఉంటేనే నార్మల్ మోడల్ వాడమంటారు. సగం సగం ఉండే విషయానికి 20 శాంపిళ్లు చాలు. 5 శాతానికి 200, ఒక శాతానికి 1000 కావాలి.

బోర్లను లాటరీలా ఏరడం కూడా అంతే ముఖ్యం. రోడ్డు పక్కవే పట్టుకొచ్చినా, ఒకే బోరు నుంచి రెండు సీసాలు నింపినా పై లెక్కలేవీ నిలబడవు.

శాంపిళ్లు తక్కువైతే ద్విపద విభాజనంతోనే, అంటే ఇన్ని బోర్లలో ఎన్ని చెడ్డవి తేలే వీలు ఎంతో చెప్పే లెక్కతోనే, నేరుగా లెక్కకట్టాలి. 40లో 2కి అది 0.6 నుంచి 17 శాతం దాకా చూపిస్తుంది. అంటే ఆరు బోర్లకు ఒకటి చెడ్డదైనా కావచ్చు. కాబట్టి నివేదికలో శాతం పక్కన ‘40లో 2’ అని కూడా రాయాలి. ఒక్కటీ దొరకకపోతే ‘40లో 0’ అని రాయాలి. అప్పుడు కూడా మండలంలో నూటికి ఏడు దాకా చెడ్డ బోర్లు ఉండే వీలుంది.