గీసినవాడు పోయాక పేరు ఎవరి చేతిలో?

నవల రాసినవాడు పోయినా అచ్చులో మాట మారదు. నేల మీద గీసిన పనికి ఆ భరోసా లేదు. చెట్లు పెరుగుతాయి, ఇసుక కొట్టుకుపోతుంది, తర్వాత వచ్చినవాళ్లు తమకు తోచినట్టు మార్చేస్తారు. గోల్ఫ్ కోర్సుల డిజైనర్ల పేరు వాళ్లు పోయాక కూడా పెరుగుతూ తరుగుతూ ఉండేది అందుకే. కర్నూలులో కూర్చుని గోల్ఫ్ గొడవ మనకెందుకంటారా? కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) పక్కన బతికేవాళ్లకే ఇది బాగా అర్థమవుతుంది.

టిల్లింగ్‌హాస్ట్ 1920ల్లో అమెరికాలో పేరుమోసిన డిజైనర్. ఆర్థిక మాంద్యంలో పనులు ఆగిపోయి పాత వస్తువుల కొట్టు పెట్టుకున్నాడు. 1942లో పోయేనాటికి పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1974లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ ఆయన వేసిన వింగ్డ్ ఫుట్ కోర్సులో జరిగింది. ఆ ఏడే వచ్చిన ఒక వ్యాసం ఆయన్ని మళ్లీ జనం నోట్లోకి తెచ్చింది. 2015లో గోల్ఫ్ దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. కోర్సులు అవే, చూసే కళ్లే మారాయి.

డొనాల్డ్ రాస్ అనే మరో డిజైనర్ సంగతి ఇంకాస్త చిక్కు. ఆయన 1948లో పోయాక ఆయన వేసిన పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సంతా పచ్చిక పరుచుకుంది. 2010, 2011ల్లో కూర్, క్రెన్‌షా అనే డిజైనర్ల జంట పాత విమాన ఫొటోలు దగ్గర పెట్టుకుని ఎకరాలకు ఎకరాల పచ్చిక పీకించి ఇసుక, గడ్డి దుబ్బులు తిరిగి తెచ్చింది. 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్‌లు వరుస వారాల్లో అక్కడే జరిగాయి. మెచ్చుకోవాల్సిన పనే. అయితే మనం చూస్తున్నది రాస్‌నా, రాస్ ఇలా అనుకుని ఉంటాడని వీళ్లు ఊహించినదా? మెకెంజీ అనే ఇంకో డిజైనరైతే 1934లో, తాను వేసిన అగస్టా కోర్సులో తొలి టోర్నమెంట్ చూడకముందే పోయాడు. ఆ కోర్సును తర్వాత ఎంతోమంది మార్చారు. కీర్తి మాత్రం ఆయన ఖాతాలోనే పడుతోంది.

ఇక ఇంటికొద్దాం. ఆర్థర్ కాటన్‌ను గోదావరి జిల్లాల్లో దేవుడిలా కొలుస్తారు. ఆయన గట్టిగా వాదించిన తుంగభద్ర నీటి పథకం నుంచి పుట్టినదే మన కర్నూలు-కడప కాలువ. ఇక్కడ ఆ భక్తి ఏది? కాలువను తవ్వింది ప్రైవేటు కంపెనీ. నల్లరేగడిలో మెట్ట పంటలు పండించుకునే రైతు డబ్బు కట్టి నీళ్లు కొనడానికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో మునిగింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. డెల్టాలో ఒండ్రు నేల, వరి, ఏడాదేడాదికీ కళ్లముందు కనిపించిన ఫలితం కాటన్ పేరును మోశాయి. ఇక్కడ మోసేవాళ్లు లేకపోయారు. తెలివి ఒకటే, నేల వేరు, డబ్బు లెక్క వేరు. కాబట్టి పోయినవాడి పేరును చూసి ప్రతిభను తూచడం నాకు సబబుగా తోచదు.

రాతకూ పెద్ద పాత్రే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఏవో, ఆరు దోషాలు ఏవో అక్కడి శాసనం చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసిన సంగతీ అందులో ఉంది. ఏ గోల్ఫ్ డిజైనరూ తన కోర్సు గురించి ఇంత గట్టి రాయి మీద రాసిపెట్టుకోలేదు. అయినా మనకు దక్కింది కట్టించినవాడి పేరే.

అది ఇప్పటికీ మారలేదు. సుంకేసుల బ్యారేజీకి మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి పేరుంది. దాన్ని గీసిన ఇంజనీర్లెవరో కర్నూలులో ఎంతమంది చెప్పగలరు?