ఆ పిస్టల్ సందేశం నాకిక పంపకండి

"భారతీయుడిగా గర్వించండి! 200 దేశాల సైన్యాలు వాడుతున్న మన పిస్టల్" అనే సందేశం మళ్లీ వచ్చింది. ఈసారి పంపినది మా పెద్ద బావగారు. అంతకు ముందు మాజీ సైనికుల గ్రూపులో వచ్చింది. కోరుకొండ సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్షకు పిల్లలను తయారుచేస్తున్న తల్లిదండ్రుల గ్రూపులోనూ వచ్చింది. బొబ్బిలి నుంచి సోంపేట దాకా నాకు తెలిసినవాళ్లందరూ "మీరు సైన్యంలో ఆర్మరర్‌గా, ఆయుధాలు బాగుచేసే పని చేశారు కదా, ఒకసారి చూడండి" అంటూ దాన్నే పంపుతున్నారు. చూశాను. పది అంశాలు, చివర జెండా బొమ్మ, ఆ కింద "పది గ్రూపులకు పంపండి" అని ఆజ్ఞ. ఎవరు రాశారో లేదు. రాసినవారు ఆ పిస్టల్‌ను ఎన్నడూ విప్పి చూడలేదని మాత్రం రెండో అంశానికే తెలిసిపోయింది.

మన దగ్గర 9 ఎం.ఎం. 1ఎ అని పిలిచే పిస్టల్ గురించి ఈ హడావిడి. బయట దాని పేరు బ్రౌనింగ్ హైపవర్.

ముందు 200 దేశాల సంగతి. ఐక్యరాజ్యసమితిలో సభ్య దేశాలే 193. మిగతా ఏడింటినీ రాసినవారే కనిపెట్టాలి. సైన్యాన్నే రద్దు చేసుకున్న కోస్టారికా కూడా ఈ లెక్కలో చేరిపోయింది. యాభైకి పైగా దేశాల సైన్యాలు, పోలీసులు వాడారు. ఒక పిస్టల్‌కు అది తక్కువ గౌరవమా? ఉన్న నిజమే గొప్పగా ఉన్నప్పుడు దానికి రంగు పూయడం ఎందుకో నాకు అర్థం కాదు.

రెండో అంశం: "ఈషాపూర్‌లో మన ఇంజనీర్లు రూపొందించిన ఈ పిస్టల్‌ను ప్రపంచమంతా కాపీ కొట్టింది." జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసినది కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ నమూనా. ఆ కంపెనీ దానిని బెల్జియంలోని ఎఫ్.ఎన్. ఫ్యాక్టరీ పిస్టల్ చూసి చేసింది. ఈషాపూర్ కార్మికుల పనితనం మీద నాకు గౌరవం ఉంది, వాళ్లు చేసిన పిస్టళ్లను బాగుచేసే నేను జీతం తీసుకున్నాను. చేయని పనిని అంటగట్టడం ఆ గౌరవాన్ని పెంచదు.

మూడో అంశం ఇంకా విచిత్రం. "1935లో బ్రౌనింగ్ స్వయంగా దీన్ని కాల్చి చూసి, ఇది నా చివరి బిడ్డ అన్నాడు." ఈ పిస్టల్‌కు మొదటి నమూనా గీసిన జాన్ బ్రౌనింగ్ 1926 నవంబరులో బెల్జియంలోని లియేజ్ నగరం దగ్గర, ఎఫ్.ఎన్. ఫ్యాక్టరీలోనే గుండె ఆగి చనిపోయాడు. ఈ పిస్టల్‌కు మూలమైన పేటెంటు కూడా ఆయన పోయాక, 1927లో మంజూరైంది. చనిపోయిన తొమ్మిదేళ్లకు లేచి వచ్చి కాల్చి చూశాడంటే ఆయనను ఇంజనీరు అనకూడదు, ఇంకేదో అనాలి.

ఈ అబద్ధంలో నాకు అసలు బాధ కలిగించేది వేరే ఉంది. బ్రౌనింగ్ వదిలి వెళ్లిన నమూనాను ఏళ్ల తరబడి చెక్కి 1935 నాటికి పిస్టల్‌గా నిలబెట్టినవాడు అదే ఫ్యాక్టరీలోని ఇంజనీరు డ్యుడొనే సైవ్. పదమూడు తూటాలు రెండు వరుసల్లో ఇమిడే పెట్టె, అదే మేగజైన్, అతని పనే. సందేశంలో అతని పేరు లేదు. తరువాత ఫాల్ రైఫిల్‌ను గీసినవాడూ అతనే. మన సైన్యం వాడిన ఎస్.ఎల్.ఆర్. రైఫిల్ దాని నుంచే వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో ఎస్.ఎల్.ఆర్. భుజాన మోసి వచ్చినవాళ్లు ఊరికి పది మంది దొరుకుతారు. వాళ్లే ఈ సందేశాన్ని ముందుకు తోస్తున్నారు, ఆ మనిషి పేరు ఒక్కసారి కూడా వినకుండా.

"హిట్లర్ మనసు పడి దీనికోసం ఫ్యాక్టరీ కట్టించాడు" అన్నది నాలుగో అంశం. కట్టించలేదు, లాక్కున్నాడు. ఎఫ్.ఎన్. 1889 నాటి సంస్థ. 1940లో జర్మన్లు బెల్జియాన్ని ఆక్రమించి, అదే యంత్రాల మీద తమ సైన్యం కోసం 3 లక్షలకు పైగా పిస్టళ్లు చేయించుకున్నారు. ఇటు బ్రిటన్‌కు తప్పించుకు వచ్చిన ఎఫ్.ఎన్. ఇంజనీర్ల సాయంతో టొరంటోలో ఇంగ్లిస్ కంపెనీ 1944లో తయారీ మొదలుపెట్టింది. మొదట ఆర్డరు ఇచ్చింది బ్రిటనో అమెరికానో కాదు, చైనా. చాంగ్ కై షేక్ సైన్యానికి 1,80,000 కావాలన్నారు. హిమాలయాల మీదుగా విమానాల్లో సరుకు చేరవేయాల్సిన రోజులవి. అనుకున్నవన్నీ చేరలేదు. కెనడా సైన్యం మాత్రం ఆ యుద్ధకాలపు పిస్టళ్లనే 2020 దశకం దాకా నడుముకు కట్టుకుంది.

అంతర్జాతీయ ఖ్యాతి అంటే ఇలా వచ్చింది. ఒకే పిస్టల్‌ను రెండు శత్రు పక్షాలూ ఒకే కాలంలో తయారుచేశాయి. యుద్ధం అయ్యాక బెల్జియం అడిగినవారికల్లా అమ్మింది. బ్రిటన్ 1954లో తీసుకుంది, దాని వెంట కామన్వెల్త్ దేశాలు. ఇంకో కారణం తూటా. 9 ఎం.ఎం. పారాబెల్లం తూటా అప్పటికే సగం ప్రపంచంలో దొరుకుతోంది. మన దగ్గరా అంతే: కాన్పూరులో చేసిన కార్బైన్, ఈషాపూర్ పిస్టల్ ఒకే తూటా తినేవి. గోదాము చూసుకునే హవల్దారుకు అంతకన్నా ఏం కావాలి? ఇందులో మహిమ ఏమీ లేదు. యుద్ధం, అమ్మకం, సరఫరా, అంతే.

ఐదో అంశం ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటన్‌ను గెలిపించింది ఈ పిస్టలేనట. అర్జెంటీనా కూడా రొసారియోలో లైసెన్సు మీద దీనినే తయారుచేసుకుంది. 1982లో ఓడినవారి నడుముకూ ఇదే ఉంది.

ఏడు, ఎనిమిది అంశాలు హత్యల జాబితా. "ఆస్ట్రియా యువరాజును, గాంధీజీని చంపినది ఇదే." సారయేవోలో 1914లో పేలినది ఎఫ్.ఎన్. 1910 రకం. అదీ బ్రౌనింగ్‌దే కానీ ఇది కాదు, ఇది అప్పటికి పుట్టలేదు. గాంధీజీ మీద పేలినది ఇటలీలో చేసిన బెరెట్టా. గర్వించమంటూ మొదలుపెట్టిన సందేశంలో గాంధీజీ హత్య ఎలా వచ్చి చేరిందో నాకు అంతుపట్టలేదు. ఇంకా నయం, తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి దూరినప్పుడు చేతిలో ఉన్నది ఇదేనని రాయలేదు. నిజంగా దీనితో జరిగినది ఒకటి వదిలేశారు: 1981 మే 13న పోప్ రెండో జాన్ పాల్ మీద కాల్పులు.

ఇక ఆరో అంశం. వరస తప్పించి దీన్ని విడిగా పెట్టుకున్నాను, ఎందుకంటే మిగతావి తెలివితక్కువవి, ఇది ప్రాణాలు తీసేది. ఉన్నది ఉన్నట్టు: "మేగజైన్ తీసేస్తే ఈ పిస్టల్ పేలదు. పిల్లల చేతికి ఇచ్చినా భయం లేదు. అందుకే ప్రపంచం దీన్ని నమ్మింది."

పూర్తి అబద్ధమైతే ఇంత కోపం వచ్చేది కాదు. ఇందులో సగం నిజం ఉంది. హైపవర్‌లో అలాంటి ఏర్పాటు ఉంది. మేగజైన్ ముందు గోడ ట్రిగ్గర్‌లోని చిన్న మేకును నొక్కి ఉంచితేనే ట్రిగ్గర్ లాగుడు వెనక్కి అందుతుంది. మేగజైన్ లేకపోతే అందదు. దాన్ని కోరినది ఫ్రెంచి సైన్యం. కోరి, చేయించుకుని, చివరికి కొనకుండా వెళ్లిపోయి తమ సొంత పిస్టల్ చేసుకున్నారు. వాళ్లు వదిలేసి పోయిన షరతు ఈ పిస్టల్‌కు దశాబ్దాల పాటు అంటుకుని ఉండిపోయింది.

ఆ ఏర్పాటు ట్రిగ్గర్‌ను గరుకుగా, బరువుగా చేస్తుంది. అందుకని చాలామంది దాన్ని పీకి పారేస్తారు. పీకేసిన పిస్టల్‌ను బయటి నుంచి చూసి చెప్పలేరు. స్ప్రింగు అరిగినా, మేకు ఇరుక్కున్నా అదే సంగతి. పైగా ఈ ఏర్పాటు హైపవర్‌కు ఉంది కానీ అదే బ్రౌనింగ్ గీసిన 1911 కోల్ట్ పిస్టల్‌కు లేదు, గ్లాక్ పిస్టల్‌కు లేదు. ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే చోట, ఒక్క తూటా మిగిలి ఉంటే, మేగజైన్ మీ చేతిలోనే ఉన్నా అవి పేలతాయి. సైనిక్ స్కూలుకు తయారవుతున్న పదేళ్ల పిల్లవాడికి హైపవర్ ఏదో, 1911 ఏదో ఎవరు చెబుతారు? వాడికి గుర్తుండేది "మేగజైన్ తీస్తే పేలదు" అన్న మాట ఒక్కటే. రేపు పోలీసు ఉద్యోగం చేసే మేనమామ ఇంట్లో బల్ల మీద ఇంకో పిస్టల్ కనబడితే వాడు చేసే పని ఏమిటో మీరే ఆలోచించండి.

అసలు ప్రమాదం పుట్టేది వరస తప్పినప్పుడు. ముందు మేగజైన్ తీయాలి, తరువాత స్లైడ్‌ను, అంటే పిస్టల్ మీద వెనక్కీ ముందుకూ జరిగే భాగాన్ని, వెనక్కి లాగి ఛాంబర్‌లోని తూటాను బయటికి రప్పించాలి, ఆపై కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. తొందరలో ముందు స్లైడ్ లాగి తరువాత మేగజైన్ తీసినవాడి ఛాంబర్‌లోకి ఆ లాగుడుతోనే కొత్త తూటా ఎక్కి కూర్చుంటుంది. వాడు మాత్రం ఖాళీ చేశాననుకుంటాడు. హైపవర్‌తో ఇంకో చిక్కు: ఖాళీ చేశాక లేచి ఉన్న హామర్‌ను (వెనకనుండే చిన్న సుత్తిని) ట్రిగ్గర్ నొక్కి దించాలంటే మేగజైన్ మళ్లీ పెట్టాల్సిందే. ఆ సమయానికి చేతికి ఖాళీ మేగజైన్ బదులు నిండుది అంది, అలవాటు కొద్దీ స్లైడ్ మరోసారి లాగితే? భద్రత కోసం పెట్టిన ఏర్పాటే మనిషిని అక్కడికి నడిపిస్తుంది. బ్యాంకు తలుపు దగ్గర పన్నెండు బోరు తుపాకీతో కూర్చునే మన మాజీ జవాన్లకు ఈ బాధ లేదు. దాన్ని మడత విరిచి చూస్తే గొట్టాల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. పిస్టల్ తన కడుపులో ఏముందో అలా చూపించదు.

పాత హైపవర్ తయారీ ఆగిపోయాక, 2022లో ఎఫ్.ఎన్. అదే పేరుతో కొత్త పిస్టల్ తెచ్చింది. అందులో ఈ మేగజైన్ ఏర్పాటును తీసేసింది. ప్రపంచం దేన్ని చూసి నమ్మిందని ఈ సందేశం చెబుతోందో దాన్ని చేసినవాళ్లే వద్దనుకున్నారు. మిగతా అంశాలన్నీ మీ ఇష్టం వచ్చినట్టు పంపుకోండి, బ్రౌనింగ్‌ను మళ్లీ మళ్లీ బతికించుకోండి, నేను అడగను. ఈ ఆరో అంశాన్ని మాత్రం పిల్లలున్న గ్రూపుల్లోంచి ఈ రోజే తీసేయించండి. పంపిన వారిలో బ్యారక్‌లో ఈ పాఠం తిట్లతో సహా నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను ఏమనాలో నాకు తెలియడం లేదు.

తొమ్మిదో అంశం, "లైసెన్సు ఉంటే ఎవరైనా కొనుక్కోవచ్చు, ఒక్క లోపం కూడా లేని పిస్టల్." 9 ఎం.ఎం. మన దేశంలో నిషిద్ధ బోరు (గొట్టం కొలత). మామూలు లైసెన్సుదారుడికి దొరికేది .32. లోపం లేదన్నవారు కొంచెం కండ ఉన్న చేత్తో నాలుగు మేగజైన్లు కాల్చి చూడాలి. హామర్ వెనక్కి వచ్చినప్పుడల్లా బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మాన్ని కొరుకుతుంది.

పదో అంశం దగ్గరికి వచ్చేసరికి దాన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. "నేటి పిస్టళ్లన్నీ దీని పిల్లలే" అంటోంది. ఉతకడానికి ఏమీ దొరకలేదు. తూటా పేలిన క్షణంలో గొట్టం, స్లైడ్ ఒకదానికొకటి పట్టుకుని కలిసి వెనక్కి జరుగుతాయి. కొద్ది దూరం జరిగాక గొట్టం వెనుక భాగం కిందికి వంగి పట్టు వదులుతుంది, స్లైడ్ ఒక్కటే వెనక్కి పోతుంది. ఈ పద్ధతి బ్రౌనింగ్‌దే. 1911 కోల్ట్ పిస్టల్‌లో గొట్టాన్ని దించడానికి ఒక కదిలే లింకు పెట్టాడు. హైపవర్‌లో ఆ లింకు తీసేసి, గొట్టం కిందే చెక్కిన వాలుతో ఆ పని చేయించారు. చెక్ వాళ్ల సి.జెడ్. 75, స్విస్ సిగ్, ఆస్ట్రియా గ్లాక్ అన్నీ ఆ దారిలోనే నడిచాయి. బ్రిటన్ 2013లో హైపవర్‌ను పక్కన పెట్టి గ్లాక్ తీసుకుంది కదా, ఆ గ్లాక్‌ను విప్పి చూస్తే గొట్టం కింద అదే వాలు కనిపిస్తుంది. బెరెట్టా 92 లాంటివి వేరే దారి పట్టాయి కాబట్టి "అన్నీ" అనకూడదు, "చాలావరకు" అనాలి. ఆ ఒక్క మాట దిద్దుకుంటే పదో అంశం నేను రాసినా అలాగే రాసేవాణ్ణి.