సవరణ: రాత్రి అన్నం తగ్గించమన్నాను, మానేయమని కాదు

సంక్రాంతి తర్వాత బరువు తగ్గడం గురించి మొన్న రాసినదాంట్లో "రాత్రి అన్నం తగ్గించండి" అన్న మాటను కొందరు రాత్రి తిండే మానేయాలని అర్థం చేసుకున్నారు. అది కాదు. ముఖ్యంగా షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు మందు వేసుకుని తినకుండా పడుకుంటే షుగర్ బాగా పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్‌ని అడక్కుండా ఏ పూటా మానొద్దు.

మిగతావాళ్లకైనా నేను చెప్పింది ఇదీ: మూడు గరిటెల అన్నం తినేచోట ఒకటి పెట్టుకుని, బీరకాయో ఆనపకాయో కూర, గట్టి పప్పు, పెరుగు ఎక్కువ వేసుకోండి. కడుపు నిండాలి. ఆకలితో పడుకుంటే అర్ధరాత్రి చెయ్యి అరిసెల డబ్బాలోకే వెళ్తుంది. అరిసెను ఎంత ఒత్తి నూనె తీసినా బియ్యప్పిండీ బెల్లమూ అందులోనే ఉంటాయి కదా.

ఇంకో సంగతి. పండగ నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అదంతా కొవ్వు కాదు. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 క్యాలరీలు తినాలి. పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వయ్యేటప్పుడు గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. సకినాలు, పచ్చళ్లలోని ఉప్పు ఇంకొంచెం నీటిని ఆపుతుంది. మామూలు తిండికి రాగానే వారంలో ఆ నీటి బరువు చాలావరకు దిగిపోతుంది. దాన్ని చూసి కొవ్వు కరిగిందనుకోవద్దు, ఆ తర్వాత ముల్లు కదలట్లేదని టెన్షన్ పడొద్దు. అక్కణ్నుంచి వారానికి అర కిలో తగ్గితే చాలు.