సరిహద్దులో సీపీఆర్: పోస్టర్లు చాలు, చేతులకు నేర్పండి

2021లో పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు, 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో తారకరత్న కుప్పకూలినప్పుడు మన ఫోన్లన్నీ సీపీఆర్ (గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) వీడియోలతో నిండిపోయాయి. ఆ వెంటనే ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో పడిపోయిన మనిషి ఛాతీ నొక్కిన ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అందరం మెచ్చుకున్నాం. అంతే, మళ్లీ ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాం. అదే మనిషి గుణుపురం సంతలోనో, పర్లాకిమిడి బస్టాండులోనో, రాయగడ స్టేషన్ బయటో పడిపోతే నొక్కడానికి ముందుకొచ్చే చేతులు ఎన్ని? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో గుండె ఆగిన మనిషి ప్రాణం పక్కన నిలబడ్డ మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ చేతులకు నేర్పే పని ప్రభుత్వాలు ఇంకా సీరియస్‌గా మొదలుపెట్టలేదు.

లెక్క చాలా కఠినమైనది. గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ 2013లో ఒడిశాకూ వచ్చింది. ఎన్నో కాన్పులను, ఎందరో యాక్సిడెంట్ బాధితులను కాపాడింది, కాదనను. కానీ గజపతి, రాయగడ, కొరాపుట్ ఘాట్ రోడ్ల మీద ఏ డ్రైవరైనా ఐదు నిమిషాల్లో ఊరు చేరగలడా? బరంపురం తీసుకెళ్దామా, విశాఖ తీసుకెళ్దామా అని బంధువులు తేల్చుకునేలోపే ఆ ఐదు నిమిషాలు అయిపోతాయి.

ఆ ఐదు నిమిషాల్లో మనం చేసేదేమిటో ఒకసారి దగ్గరగా చూడండి. మనిషి పడిపోగానే చుట్టూ మూగుతాం. ఒకరు మొహం మీద నీళ్లు కొడతారు. ఒకరు చేతిలో తాళాల గుత్తి పెడతారు. ఇంకొకరు అరికాళ్లు రుద్దుతారు, సోడా పట్టించబోతారు. ఇంతలో పడిపోయిన మనిషి నోరు తెరిచి ఒక పెద్ద గురక పెడతాడు. ‘ఊపిరి ఉంది, ఏం ఫర్లేదు’ అంటూ జనం కాస్త కుదుటపడతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పిలిచినా పలకని మనిషి ఆగి ఆగి పెట్టే ఆ గురక ఊపిరి కాదు, గుండె ఆగిందనడానికి గుర్తు. సరిగ్గా నొక్కడం మొదలుపెట్టాల్సిన క్షణంలో మనం మనిషిని ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్తున్నాం.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోట్లో నోరు పెట్టి ఊదాలనే భయం అక్కర్లేదు. మామూలు జనం నొక్కితే చాలని మన దేశపు మత్తు వైద్యుల సంఘం 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రెండు చేతులుంటే ఎవరైనా, ఎక్కడైనా ఈ పని చేయొచ్చని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు రాసింది 1960లో!

మరి జనం ఎందుకు ముందుకు రారు? రాతి గుండెలవడం వల్ల కాదు. పోయాడంటే నా మీదకు వస్తుందేమోనని భయం. పోలీసులు స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం. ఆడమనిషి పడిపోతే పరాయి మగవాడు ఛాతీ మీద చెయ్యి వేయడమా అన్న బిడియం. చట్టం ఈ భయాన్ని సగమే తీర్చింది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ యాక్సిడెంట్ బాధితుడికి సాయం చేసినవాళ్లను కేసుల నుంచి కాపాడుతుంది. సంతలో గుండె ఆగినవాడి సంగతి అందులో లేదు. ఎదుటి మనిషి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతుంది గానీ, ఆ మాట ఆటో స్టాండు దాకా చేర్చినవాళ్లు లేరు. సీపీఆర్ చేసినవాళ్ల పేరెత్తి రక్షణ ఇచ్చే చట్టం కావాలి. ఇక ఆ బిడియానికి మందు ఒడిశా మహిళల పొదుపు సంఘాల్లోనే, అంటే మిషన్ శక్తి సంఘాల్లోనే ఉంది. ముందు ఆడవాళ్లకే నేర్పండి.

తెలియనివాళ్లు నొక్కితే పక్కటెముకలు విరుగుతాయని, డాక్టర్లే లేనిచోట ఈ శిక్షణ ఎందుకని కొందరి అభ్యంతరం. ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఆగిన గుండెను అలా వదిలేస్తే మనిషే ఉండడు. డాక్టర్లు కావాలి, షాక్ ఇచ్చే యంత్రాలూ కావాలి, కానీ అవి వచ్చేదాకా మెదడు ఎదురుచూడదు కదా. డెన్మార్క్ 2005లో బడుల్లో, ఆ మరుసటి ఏడు డ్రైవింగ్ లైసెన్సుకు ఈ శిక్షణను తప్పనిసరి చేసింది. అక్కడ 2001లో సుమారు 21 శాతం మందికే చుట్టుపక్కలవాళ్ల సీపీఆర్ అందేది, 2010కి అది 45 శాతం అయింది. నెల దాటి బతికినవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికి వస్తాను. ఈ జిల్లాల్లో ఇంటి భాష వేరు, ఆఫీసు భాష వేరు. తెలుగు ఇళ్ల పక్కనే సవర ఊళ్లు, కువి మాట్లాడే కొండలు ఉన్నాయి. కాగితం మాత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. రేషన్ కార్డు ఫారమైతే ఎవరితోనైనా చదివించుకుంటాం. భర్త కళ్లెదుట పడిపోయిన ఇల్లాలు 108కి ఫోన్ చేస్తే, అవతలి గొంతు ‘అమ్మా, ఛాతీ మధ్యలో చెయ్యి పెట్టు, గట్టిగా నొక్కు, నేను లెక్కపెడతాను’ అని ఆమె భాషలో చెప్పాలి. ఆ టెన్షన్‌లో పరాయి భాష చెవికెక్కదు. ఫోన్‌లో ఇలా చెప్పి చేయిస్తే సీపీఆర్ ఇచ్చేవాళ్లు పెరుగుతారని చాలా దేశాల్లో రుజువైంది. భాషా మైనారిటీల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక చదువు కోసం 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చుకున్నాం. ప్రాణం నిలిపే పాఠానికి అంతకన్నా తక్కువ అర్హత ఉందా? ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. వందేళ్లు దాటాయి. ఒక్క మనిషి చేసిన పని జిల్లా యంత్రాంగం చేయలేనిదా?

108 కంట్రోల్ రూమ్‌లో తెలుగు, సవర, కువి వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి. తొమ్మిదో తరగతి నుంచి ఏటా ఒక పూట సీపీఆర్ చేయించాలి. ఆశా కార్యకర్తలకు, ఆటో డ్రైవర్లకు, సంత వ్యాపారులకు వాళ్ల ఊళ్లోనే, వాళ్ల మాటలోనే నేర్పాలి. నొక్కి నేర్చుకునే మనిషి బొమ్మలు కొనడానికి డబ్బు లేదంటే గట్టి దిండు మీదైనా మొదలుపెట్టొచ్చు, పక్కన నిలబడి లెక్కపెడుతూ చేతులు సరిచేసే నర్సు ఒకరు ఉంటే చాలు.