గేర్ షిఫ్టర్ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ గేర్ షిఫ్టర్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ సైకిల్ కుశలంగా లేదు. తమరు మాత్రం హ్యాండిల్ మీద, బొటనవేలికి అందేంత దూరంలో కులాసాగానే కనిపిస్తున్నారు.

ఇంతకీ తమరి ఉద్యోగం ఏమిటి? తీగ లాగడం. నొక్కినప్పుడల్లా 1.2 మిల్లీమీటర్ల స్టీలు తీగను కొంచెం లాగితే, వెనక డిరెయిలర్ ఆ మేరకు జరిగి చైనును పక్క పళ్ళచక్రం మీదికి తోస్తుంది. ఆ ‘కొంచెం’ ఎంత అన్న దగ్గరే తమరి ప్రతాపమంతా. సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో పాత 10 గేర్ల రోడ్ బైకు షిఫ్టర్ టిక్కుకు సుమారు 2.3 మిల్లీమీటర్లు లాగుతుంది. అదే కంపెనీ, అవే 10 గేర్లు, మౌంటెన్ బైకుదైతే దాదాపు 3.4. డిరెయిలర్లూ అందుకు తగ్గట్టే ఉంటాయి: రోడ్డుది లాగినదానికి సుమారు 1.7 రెట్లు జరిగితే, మౌంటెన్‌ది 1.2 రెట్లే జరుగుతుంది. ఎవరి జతలో వాళ్ళుంటే గొడవ లేదు. రోడ్ షిఫ్టర్‌ను మౌంటెన్ డిరెయిలర్‌కు కట్టామా, మూడు టిక్కులు నొక్కితే చైను రెండు పళ్ళచక్రాలు ఎక్కి ఆగిపోతుంది. మూడో టిక్కు ఎవరి ఖాతాలో పడిందో తమరికే తెలియాలి.

9 గేర్ల రోజుల్లో ఈ బాధ లేదు. రోడ్ షిఫ్టర్‌కు మౌంటెన్ డిరెయిలర్ తగిలించుకుని జనం హాయిగా ఘాట్ రోడ్లు ఎక్కారు. సరే, రోడ్డు వేరు, కొండ వేరు అని సర్దిచెప్పుకుందాం. మరి షిమానో వారి రోడ్ బైకు భాగాల శ్రేణి టియాగ్రా మాటేమిటి? 4600, 4700 రెండూ టియాగ్రాలే, రెండూ రోడ్డువే, రెండింటికీ 10 గేర్లే. అయినా 4700 వచ్చేసరికి 11 గేర్ల రోడ్ బైకుల కొలత పట్టుకుంది, పాత దానితో పొత్తు కుదరదంది.

ఆ నంబరు కోసం మా వీధి మెకానిక్ బాబాయి డిరెయిలర్‌ను తిరగేసి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి వెతుకుతాడు. అరిగిపోయి ఉంటే స్కేలు తీస్తాడు. తీగ మీద పెన్నుతో గీత పెట్టి, ఐదు టిక్కులు నొక్కి, గీత ఎంత జరిగిందో కొలిచి ఐదుతో భాగిస్తాడు. తమరి డబ్బా మీద ఉండాల్సిన అంకె అలా ఆయన స్కేలు మీద దొరుకుతుంది.

పోనీ తమరి మాటే నెగ్గనిద్దామంటే, అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడిలా ఒకదాని తర్వాత ఒకటి అడుగుతారు. డిరెయిలర్ మార్చమంటారు, తర్వాత క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి), ఆ తర్వాత చైను. 12 గేర్లకు ఆశపడితే చాలాసార్లు చక్రం మధ్యలో క్యాసెట్ తొడిగే గొట్టం కూడా సమర్పించుకోవాలి.

తమరి తోబుట్టువు బ్రేక్ లివర్ కూడా తక్కువేమీ కాదు. రెండు పొడుగు చేతులతో రిమ్మును పట్టే వి-బ్రేకుకు తీగ ఎక్కువ లాగాలి, రోడ్ బైకుల క్యాలిపర్ బ్రేకుకు తక్కువ. మామూలు రోడ్ లివర్‌ను వి-బ్రేకుకు కడితే హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కినా పట్టు సరిగా చిక్కదు. అటుది ఇటు కడితే లివర్ రాయిలా ఉంటుంది, బండి మాత్రం ఆగదు. గేరు పడకపోతే కాళ్ళు నొప్పులు, అంతే. బ్రేకు పడకపోతే లారీ వెనకాల రాసిన కవిత్వాన్ని మరీ దగ్గరగా చదవాల్సి వస్తుంది. పైగా 1990లో షిమానో రేసు బైకుల మీద మీ ఇద్దరినీ ఒకే ఒంట్లో కలిపేసింది. తర్వాత చవక బైకులకూ ఆ ముచ్చట పాకింది. గేరు మీట విరిగితే బాగున్న బ్రేకునూ పారేయాలి! నూనె బ్రేకుల్లో మినరల్ ఆయిల్, డాట్ ఫ్లూయిడ్ తగాదా ఇంకొకటి. ఒకదానికి బదులు ఇంకొకటి పోస్తే లోపలి సీళ్ళు పాడవుతాయి.

తమరి పక్షాన ఒక మాట చెప్పాలి. ఎక్కువ తీగ లాగితే బురద, తుప్పు ప్రభావం తగ్గుతుంది, కాబట్టి కొలత మార్చడానికి కారణం లేకపోలేదు. కానీ 2023లో వచ్చిన షిమానో కొత్త శ్రేణి క్యూస్‌లో 9, 10, 11 గేర్లన్నింటికీ ఒకటే కొలత పెట్టారు. అంటే ఇన్నాళ్ళూ చేతకాక కాదన్నమాట! అదైనా పాత సరుకుతో కలుస్తుందా అంటే, కలవదు.

కాబట్టి మనవి ఒక్కటే: టిక్కుకు ఎన్ని మిల్లీమీటర్లో డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. కాదంటారా, టిక్కుల పద్ధతి 1984లో షిమానో రేసు బైకు శ్రేణి డ్యూరా-ఏస్‌తో నిలదొక్కుకోక ముందు నాటి మీట ఒకటి బాబాయి రేకు డబ్బాలో పడి ఉంది. అసలు టిక్కులే లేవు దానికి. గేర్లు 7 అయినా 10 అయినా అడ్డు చెప్పదు. చైను చప్పుడు విని చెయ్యే సర్దుకుంటుంది. బేరం నడుస్తోంది.

ఇట్లు,
తమరి పాత కస్టమర్

తా.క.: గేరు తీగ తొడుగు, బ్రేకు తీగ తొడుగు పైకి రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి. గేరుది బ్రేకుకు వాడితే గట్టిగా నొక్కినప్పుడు చీలిపోవచ్చు. ఇది కూడా డబ్బా మీదే రాయించగలరు.