రేడియోసర్జరీలో గురి సరే, డోసు సంగతేమిటి?

రేడియోసర్జరీ యంత్రాల ప్రకటనల్లో తప్పకుండా కనిపించే మాట ఒకటుంది: మిల్లీమీటరు లోపు ఖచ్చితత్వం. అది అబద్ధమేమీ కాదు. పుర్రెను తెరవకుండానే, మెదడు లోతుల్లో ఉన్న చిన్న గడ్డ మీదకు అనేక దిక్కుల నుంచి సన్నని కిరణాలను పంపి, అవన్నీ ఒక్క చోట కలిసేలా చేయడం నిజంగా గొప్ప ఇంజనీరింగే. అయితే ఆ మాట కిరణం ఎక్కడ తగులుతుందో చెబుతుంది గానీ, తగిలిన చోట ఎంత రేడియేషన్ పడుతుందో చెప్పదు. ఈ రంగంలో అందరికీ తెలిసిన మూడు పెద్ద ప్రమాదాల్లో రోగులను దెబ్బతీసింది గురి తప్పడం కాదు, కొలత తప్పడం. అయినా ఆసుపత్రులు యంత్రం కొనేటప్పుడు గురి గురించి అడిగినంత శ్రద్ధగా కొలత గురించి అడగవు.

స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ చికిత్సా విధానాన్ని ప్రతిపాదించి దానికి పేరు పెట్టాడు. ఆయన బృందం తయారుచేసిన తొలి రేడియోసర్జరీ యంత్రం గామా నైఫ్‌లో రేడియేషన్ వెలువరించే 179 కోబాల్ట్-60 మూలాలు ఉండేవి. 1980ల్లో, మామూలు రేడియోథెరపీలో కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్లు కూడా ఈ పనికి అలవాటు పడ్డాయి. 1994లో స్టాన్‌ఫోర్డ్‌లో సైబర్‌నైఫ్ రోబో చేయి తొలి రోగికి చికిత్స చేసింది. యంత్రాలు వేరైనా సూత్రం ఒక్కటే. మామూలు రేడియోథెరపీలో రోజుకు సుమారు 2 గ్రేల (గ్రే అన్నది రేడియేషన్ డోసుకు కొలమానం) చొప్పున వారాల తరబడి ఇచ్చేదాన్ని ఇక్కడ ఒకే విడతలో కుదించి ఇస్తారు. మెదడుకు పాకిన క్యాన్సర్ గడ్డ అంచు దగ్గర, దాని పరిమాణాన్ని బట్టి, 15 నుంచి 24 గ్రేలు ఇవ్వడం రివాజు. ముఖంలో భరించలేని నొప్పి పుట్టించే ట్రైజెమినల్ నాడికైతే గరిష్ఠ డోసు 80 గ్రేల ప్రాంతంలో ఉంటుంది. అదే కంటి నాడికైతే ఒకే విడతలో 8 నుంచి 10 గ్రేలు దాటితే డాక్టర్లు జంకుతారు. గడ్డ కంటి నాడికి దగ్గరగా ఉన్నప్పుడు, ఎక్కువ డోసు పడాల్సిన చోటుకూ పడకూడని చోటుకూ మధ్య ఉన్న దూరం కొన్ని మిల్లీమీటర్లే.

గ్రే అంటే ఒక కిలో పదార్థంలో ఒక జౌలు శక్తి ఇంకడం. వినడానికి పెద్దగా అనిపించినా, 20 గ్రేల డోసు నీటి ఉష్ణోగ్రతను పెంచేది డిగ్రీలో రెండు వందలో వంతు కూడా కాదు. కాబట్టి బల్ల మీద పడుకున్న రోగికి ఏమీ తెలియదు. 20 ఇవ్వాల్సిన చోట 30 ఇచ్చినా ఆ రోజు తెలియదు. పెద్ద డోసు వల్ల మెదడు కణజాలం చచ్చిపోవడం సాధారణంగా నెలల తర్వాత బయటపడుతుంది. అప్పుడు కూడా ఎంఆర్‌ఐలో అది గడ్డ మళ్లీ పెరిగినట్టే కనిపించి డాక్టర్లను తికమక పెడుతుంది. ముప్పై విడతల చికిత్సలో మూడో రోజున తప్పు దొరికితే మిగతా ఇరవై ఏడు రోజుల్లో సర్దుకోవచ్చు. రేడియోసర్జరీలో ఆ వెసులుబాటు లేదు. అందువల్ల ఈ చికిత్సలో భద్రత అంతా రోగి గదిలోకి రాకముందే, రేడియేషన్ కొలతలు చూసే మెడికల్ ఫిజిసిస్టు నీటి తొట్టెలో డిటెక్టర్ దించి తీసుకున్న రీడింగుల మీద ఆధారపడి ఉంటుంది.

ఆ రీడింగులు తీసుకోవడం అనుకున్నంత సులువు కాదు. రేడియోథెరపీలో దశాబ్దాలుగా నమ్మకంగా వాడుతున్న సాధనం అయాన్ ఛాంబర్. గాలి నిండిన చిన్న గదిలో రేడియేషన్ వల్ల పుట్టిన విద్యుదావేశాన్ని లెక్కపెట్టే పరికరం అది. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఫార్మర్ రకం ఛాంబర్ పరిమాణం 0.6 ఘన సెంటీమీటర్లు, పొడవు రెండు సెంటీమీటర్లకు పైగా. 10 సెంటీమీటర్ల చదరపు క్షేత్రంలో, అంటే అంత వెడల్పున కిరణం పడే చోట, దానికి తిరుగులేదు. అదే ఛాంబర్‌ను ఐదారు మిల్లీమీటర్ల వెడల్పున్న కిరణంలో పెడితే, దాని శరీరంలో చాలా భాగం కిరణం బయటే ఉంటుంది. మధ్యలోని ఎక్కువ డోసును, అంచుల్లోని తక్కువ డోసును కలిపి సగటు చూపిస్తుంది.

ఇంతటితో పోతే పరికరాన్ని చిన్నది చేసుకుంటే సరిపోయేది. కానీ కిరణం వెడల్పు తగ్గే కొద్దీ భౌతిక శాస్త్రమే మారిపోతుంది. ఫోటాన్లు ఢీకొన్నప్పుడు లేచిన ఎలక్ట్రాన్లు పక్కలకు కూడా కొంత దూరం పోతాయి. విశాలమైన క్షేత్రంలో మధ్య నుంచి బయటికి పోయిన ఎలక్ట్రాన్ల స్థానంలో పక్క నుంచి అన్ని ఎలక్ట్రాన్లు లోపలికి వస్తాయి. సన్నని కిరణంలో పోయేవే తప్ప వచ్చేవి తక్కువ. ఆ సమతూకం చెడిన చోట డిటెక్టర్ ఏ పదార్థంతో తయారైందన్నది రీడింగును శాసిస్తుంది. నీటి కన్నా సాంద్రత బాగా తక్కువైన గాలి ఉన్న ఛాంబర్ తక్కువ చూపిస్తుంది. సాంద్రత ఎక్కువైన సిలికాన్ డయోడ్, మరీ సన్నని కిరణాల్లో, ఎక్కువ చూపిస్తుంది. పైగా డిటెక్టర్‌ను కిరణం నడిమధ్యన నిలబెట్టడం మరో పరీక్ష. 4 మిల్లీమీటర్ల కిరణంలో అది ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా రీడింగు గణనీయంగా పడిపోతుంది. ఫిల్మ్ మీద తీసిన కొలతకు చోటు స్పష్టంగా తెలుస్తుంది గానీ, స్కానర్, ఫిల్మ్ బ్యాచ్, వేచి ఉన్న సమయం అన్నీ జవాబులో వేలు పెడతాయి.

ఈ తప్పుల్లో కొన్ని రోగికి ఏ వైపు కీడు చేస్తాయో గమనించాలి. పెద్ద డిటెక్టర్ తక్కువ చూపిస్తే, యంత్రం తక్కువ రేడియేషన్ ఇస్తోందని ఫిజిసిస్టు నమ్ముతాడు. ఆ అంకెను చికిత్స ప్రణాళిక కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. లోటు పూడ్చడానికి కంప్యూటర్ కిరణాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచమంటుంది. కొలతలో లోటు రోగి మెదడులో అదనపు డోసుగా మారుతుంది.

ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో జరిగింది ఇదే. 2006 ఏప్రిల్ నుంచి 2007 ఏప్రిల్ వరకు అక్కడ రేడియోసర్జరీ చేయించుకున్న వారిలో 145 మందికి అధిక డోసు పడింది. కిరణాన్ని సన్నగా మలిచే సూక్ష్మ కొలిమేటర్ నుంచి వచ్చే కిరణాలను కొలవడానికి తగని, పెద్ద డిటెక్టర్‌ను వాడటమే కారణం. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2004లో అమర్చిన యంత్రానికీ ఇదే గతి పట్టింది. ఐదేళ్లలో 76 మందికి సుమారు 50 శాతం ఎక్కువ డోసు ఇచ్చినట్టు 2009లో గాని తేలలేదు. అంతకు ముందే ఫ్లోరిడాలోని టాంపాలో, 2004-05లో, యంత్రం ఇచ్చే డోసును కొలిచి సరిచేసే క్యాలిబ్రేషన్‌లో తప్పు వల్ల 77 మందికి దాదాపు అదే పరిమాణంలో అధిక డోసు పడింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ముఖ్యంగా తోచేది తప్పు జరిగిన తీరు కాదు, అది దొరికిన తీరు. తూలూజ్‌లో వివిధ కేంద్రాల కొలతలను పోల్చి చూస్తున్న తయారీ సంస్థకు అక్కడి అంకెలు మిగతావాటితో కలవలేదని తెలిసింది. టాంపాలో బయటి సంస్థ చేసిన తనిఖీలో బయటపడింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మరో ఫిజిసిస్టు ఆ యంత్రం మీద శిక్షణ పొందే క్రమంలో పట్టుకున్నాడు. ఒక్క చోట కూడా, కొలిచిన మనిషి మళ్లీ కొలిచి తన తప్పు తాను కనుక్కోలేదు. అందుకు ఆ వ్యక్తుల అజాగ్రత్తను నిందించడం తేలిక, కానీ అన్యాయం. తప్పుడు తూకపు రాయితో పదిసార్లు తూచినా తూకం ఒకేలా వస్తుంది. రోజూ ఉదయం చేసే తనిఖీలు, నెలవారీ తనిఖీలు యంత్రం నిన్నటిలాగే ఉందా అని అడుగుతాయి. మొదటి రోజు అంకె తప్పయితే, ఆ తప్పు నిలకడగా ఉందని అవి ప్రతి ఉదయం ధ్రువీకరిస్తాయి.

గురి పరీక్షల పరిస్థితీ అంతే. 1988లో ప్రచురితమైన విన్‌స్టన్-లుట్జ్ పరీక్షలో చిన్న లోహపు గోళీని లక్ష్యస్థానంలో ఉంచి, యంత్రాన్ని వివిధ కోణాల్లో తిప్పుతూ బొమ్మలు తీస్తారు. గోళీ నీడ కిరణం నడుమ ఉందా లేదా అన్నది చూస్తారు. అది చాలా అవసరమైన పరీక్ష. ముఖ్యంగా ఒకే కేంద్రబిందువుతో అనేక గడ్డలకు ఒకేసారి చికిత్స చేసే పద్ధతి పెరిగాక, బల్ల ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 6 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గడ్డ దగ్గర కిరణం ఒక మిల్లీమీటరు జారుతుంది. కానీ డోసు ఒకటిన్నర రెట్లు పడుతున్న యంత్రం కూడా ఈ పరీక్షలో హాయిగా నెగ్గుతుంది.

ఇక రోగి ప్రణాళికను పరీక్షించడానికి వాడే గామా పోలిక గురించి. లెక్కించిన డోసు, కొలిచిన డోసు 3 శాతం, 3 మిల్లీమీటర్ల తేడా లోపు ఉంటే పాసైనట్టు పరిగణించడం మామూలు రేడియోథెరపీలో చాలాకాలం నడిచింది. 6 మిల్లీమీటర్ల గడ్డకు 3 మిల్లీమీటర్ల మినహాయింపు ఇస్తే ఇక పరీక్షించేది ఏముంది? రేడియోసర్జరీ ప్రణాళికల కింద "నూటికి నూరు పాస్" అన్న నివేదిక చూసినప్పుడు, ఏ గీటురాయి మీద అని అడగకుండా సంతోషించకూడదు.

అలాగని తప్పంతా ఆసుపత్రుల్లోనే ఉందనలేం. ఈ శాస్త్రానికే సరైన అంకె దొరకడానికి సమయం పట్టింది. గామా నైఫ్‌లో అతి చిన్నదైన 4 మిల్లీమీటర్ల కొలిమేటర్‌కు, పెద్ద కొలిమేటర్‌తో పోల్చిన డోసు నిష్పత్తిని తయారీదారు చాలాకాలం 0.80గా ఇచ్చేవారు. 1990ల చివర్లో దాన్ని 0.87కు సవరించారు. అంటే పాత అంకె ప్రకారం ట్రైజెమినల్ నాడికి 80 గ్రేలు ఇచ్చామని రాసుకున్న చోట నిజంగా పడింది సుమారు 87. ఇక్కడ రోగులకు అన్యాయం జరిగిందనడం తొందరపాటు. డాక్టర్లు ఆ డోసును అనుభవంతో ఎంచుకున్నారు, ఆ అనుభవమంతా పాత అంకె మీదే నిలబడింది. అసలు చిక్కు సవరణ తర్వాత వచ్చింది. కొత్త అంకె వాడుతూ 80 గ్రేలే ఇస్తే, రోగికి మునుపటి కన్నా తక్కువ డోసు అందుతుంది. మునుపటి ఫలితాలే కావాలంటే కాగితం మీది అంకెను పెంచాలి. పాత అధ్యయనాలను చదివేటప్పుడు ఈ సంగతి మరిచిన వాళ్లు ఆపిల్‌ను ఆపిల్‌తో పోలుస్తున్నామనే భ్రమలో ఉంటారు.

చిన్న కిరణాల కొలతకు అంతర్జాతీయంగా ఒక ఉమ్మడి పద్ధతి ఏర్పడటానికి 2017 వరకు ఆగాల్సి వచ్చింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం కలిసి ఆ ఏడాది టీఆర్‌ఎస్-483 అనే నియమావళిని విడుదల చేశాయి. ఏ యంత్రంలో, ఎంత వెడల్పు కిరణంలో, ఏ మోడల్ డిటెక్టర్ రీడింగును ఎంతతో గుణించాలో పట్టికలు ఇచ్చింది. 10 సెంటీమీటర్ల ప్రామాణిక క్షేత్రాన్ని అసలు తెరవలేని గామా నైఫ్, సైబర్‌నైఫ్ వంటి యంత్రాలకు వాటికి తగిన ప్రమాణ క్షేత్రాలను నిర్వచించింది. గాలి ఛాంబర్, డయోడ్, వజ్రపు డిటెక్టర్ వంటి వేర్వేరు స్వభావాల పరికరాల సవరించిన రీడింగులు ఒక చోటికి చేరితే ఆ అంకెను నమ్మవచ్చు. చేరకపోతే, బాగున్న దాన్ని ఎంచుకుని ముందుకు పోకూడదు, ఆగాలి. ఈ నియమావళి వచ్చాక పని తేలికైందన్న మాట నిజమే. అయితే పట్టిక కూడా సరైన డిటెక్టర్‌ను సరైన చోట పెట్టిన వారికే ఉపయోగం.

అందువల్ల నా వాదన సూటిగా ఇది: బయటి వారు స్వతంత్రంగా కొలిచి సరిచూడనిదే ఏ రేడియోసర్జరీ యంత్రం కింద మొదటి రోగిని పడుకోబెట్టకూడదు. ఇది సిఫారసుగా ఉంటే చాలదు, లైసెన్సు షరతుగా ఉండాలి. ఆడిట్లు ఇప్పటికే ఉన్నాయి కదా అంటారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుంచి పోస్టులో చిన్న డోసు మాపకాలను పంపి ఆసుపత్రుల క్యాలిబ్రేషన్‌ను సరిచూస్తున్నాయి. ఆ కార్యక్రమం ప్రపంచానికి చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ ఆ తనిఖీ ప్రధానంగా పెద్ద ప్రామాణిక క్షేత్రానిది. 10 సెంటీమీటర్ల దగ్గర నిక్కచ్చిగా ఉండి 6 మిల్లీమీటర్ల దగ్గర ఘోరంగా తప్పిన యంత్రం అందులో మంచి మార్కులతో బయటపడగలదు. ఆ సర్టిఫికెట్ చూపించి రేడియోసర్జరీ మొదలుపెట్టడం, అడిగిన ప్రశ్నకు కాకుండా వేరే ప్రశ్నకు జవాబు చెప్పడమే.

కావలసింది మొదలు నుంచి చివరి దాకా సాగే పరీక్ష. రోగికి బదులు పెట్టే, తల ఆకారంలో ఉన్న ఫాంటమ్ అనే నమూనాలో ఫిల్మ్, చిన్న డిటెక్టర్లు అమర్చి, రోగికి చేసినట్టే సీటీ, ఎంఆర్‌ఐ తీసి, ప్రణాళిక వేసి, బల్ల మీద సర్ది, కిరణం ఇచ్చి, ఆ ఫాంటమ్‌ను తిరిగి బయటి సంస్థకే పంపాలి. ఫలితం చదివే వారికి, చికిత్స ఇచ్చిన వారికి సంబంధం ఉండకూడదు. ఎంఆర్‌ఐ బొమ్మ అంచుల్లో వంకర, రెండు స్కాన్లను కలపడంలో జారుడు, డోసు అంకెలో తప్పు అన్నీ ఆ ఒక్క ఫిల్మ్ మీద కలిసి కనిపిస్తాయి. దీనికి ఖర్చవుతుంది, కొన్ని వారాల ఆలస్యమూ అవుతుంది. కోట్లు పోసి తెచ్చిన యంత్రం ఖాళీగా ఉంటే యాజమాన్యం నస పెట్టడం సహజం. యంత్రం ధరతో పోలిస్తే ఆడిట్ ఖర్చు అసలు లెక్కలోకే రాదన్నది యాజమాన్యాలకు తెలియని సంగతి కాదు.

పరికరాల కొలత ఎంత బాగున్నా మనుషుల మధ్య మాట తప్పితే ప్రమాదమే. 2004లో ఫ్రాన్స్‌లోనే మెదడు రక్తనాళాల లోపానికి చికిత్స పొందుతున్న ఒక రోగి విషయంలో, కిరణం వెడల్పును నిర్ణయించే యంత్రం దవడలను "40 బై 40" తెరవమని చెప్పారు. చెప్పిన వారి మనసులో మిల్లీమీటర్లు, విన్న వారి చేతిలో సెంటీమీటర్లు. చిన్న కొలిమేటర్ చుట్టూ ఉన్న ఖాళీ గుండా రేడియేషన్ ఎక్కడెక్కడో పడింది, ఆ రోగి చివరికి చనిపోయాడు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2009లో వెలువరించిన 112వ ప్రచురణలో తూలూజ్ ఉదంతంతో పాటు ఇది కూడా ఉంది. యంత్రమే 40 సెంటీమీటర్లకు ఒప్పుకోకుండా అడ్డుపడి ఉంటే ఆ సంభాషణ ఎలా సాగినా నష్టం ఉండేది కాదు. అటువంటి అడ్డుకట్టలు తయారీదారులు వేయాల్సినవి, ఐచ్ఛిక సదుపాయంగా అమ్మాల్సినవి కావు.

చివరగా అధికారం సంగతి. అంకె అనుమానంగా ఉన్నప్పుడు చికిత్సను ఆపే హక్కు ఫిజిసిస్టుకు చాలా చోట్ల కాగితం మీద ఉంటుంది. ఆచరణలో రోగి బల్ల మీద, సర్జన్ గదిలో, తర్వాతి రోగి బయట ఉన్నప్పుడు ఆ హక్కును వాడటానికి ధైర్యం కావాలి. వాడిన వారిని ఆసుపత్రి ఎలా చూస్తుందో ఆడిట్ చేసే వారు అడిగి రాసుకోవాలి. వాడిన డిటెక్టర్ పేరు, సవరణ గుణకం, రెండోసారి కొలిచిన వ్యక్తి, బయటి పరీక్ష జరిగిన తేదీ ప్రతి రోగి ఫైలులోనూ ఉండాలి. వాటిని అడిగే హక్కు రోగికీ, అతని బంధువులకూ ఉందని ఆసుపత్రి ముందుగానే వారికి చెప్పాలి.