రబ్బరు చేతికి, ఎడమ చేతి తరఫున

డాక్టరు చదువు పిల్లలు బొమ్మల మీద సూది గుచ్చడం నేర్చుకునే స్కిల్స్ ల్యాబ్ గాజు బీరువాలో, రెండో అరలో వేంచేసి ఉన్న రబ్బరు చేతి గారికి హనుమకొండ చౌరస్తా దగ్గర టైలర్ షాపు నడిపే ఒకాయన ఎడమ చేయి నమస్కరించి రాయించునది. ఉభయ కుశలోపరి అనడం మర్యాదే గానీ, కుశలంగా ఉన్నది తమరొక్కరే. నేను నీలం, పసుపు, ఆకుపచ్చ మూడు రంగుల్లో ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం కుడి చేయి రాస్తోంది.

మొన్న వానల్లో మా యజమానికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయని ఆసుపత్రిలో చేర్చారు. పేరెందుకు, డాక్టర్లూ అక్కడే తయారవుతారు, రోగులూ అక్కడే పడుకుంటారు. సెలైన్ పెట్టాలని ఒక హౌస్ సర్జన్ పాప వచ్చింది. ఆమె చేయి నా కంటే ఎక్కువ వణుకుతోంది. మొదటి పోటుకు నరం పక్కకు జారుకుంది. రెండో పోటుకు రక్తం కనబడింది, పాప ముఖం వెలిగింది. ఆ సంతోషంలో సూదిని ఇంకాస్త లోపలికి తోసింది, నరం అవతలి గోడ కూడా చిల్లి పడింది. అక్కడో కాయ లేచింది. "సారీ అంకుల్" అంది. పాపం, నిజంగానే అంది.

తర్వాత ఇంకో అబ్బాయి వచ్చి గులాబీ రంగు కాన్యులాతో (సూదితో నరంలోకి దించే సన్న గొట్టం) ఒకసారి, "ఇది లావైంది, నీలంది తెండి" అని నీలందానితో ఒకసారి ప్రయత్నించాడు. ఈసారి ఎక్కిందన్నారు. సెలైన్ వదిలారు. అరగంటకు నేను నూనెలో పూరీలా పొంగాను. నీళ్లు నరంలోకి కాదు, కండలోకి పోతున్నాయి. సెలైన్ కాబట్టి వాపుతో పోయింది. కొన్ని మందులైతే కండే చచ్చిపోతుందట. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి సూది తీశాక దూదితో గట్టిగా, ఎక్కువసేపు అదిమి పట్టాలి. అదీ ఎవరికీ గుర్తు లేదు. రంగులు అలా వచ్చాయి.

చివరికి పెద్ద సిస్టర్ వచ్చింది. "చెయ్యి సల్లగుందయ్యా, నరమెట్ల లేస్తది" అని గోరువెచ్చని తడిగుడ్డ చుట్టింది. నన్ను మంచం కిందికి వేలాడదీసి, పైన గ్లౌజు బిగించి కట్టి, కాసేపు ఊరికే నిలబడింది. వేలితో తడిమి తడిమి, సూదిని పడుకోబెట్టినట్టు వాల్చి ఒక్కసారి గుచ్చింది. అంతే. ఆ 'ఊరికే నిలబడటం' ఏ పుస్తకంలో ఉందో గానీ, నేర్పాల్సింది అదే.

ఇంటికొచ్చాక మా యజమాని మేనకోడలు తమరి సంగతి చెప్పింది. ఎంబీబీఎస్ చదువుతోంది. 2019 బ్యాచ్ నుంచి సిలబస్ మారిందట. ముందు బొమ్మ మీద చెయ్యి తిరగాలి, తర్వాతే మనిషి మీద. చేసినట్టు లాగ్ బుక్కులో సంతకం. తమరికి రబ్బరు గొట్టాల నరాలు, లోపల ఎర్ర రంగు నీళ్లు, చిల్లులు పడితే చర్మం మార్చేస్తారట, పాత చొక్కాకు కాలరు తిప్పి కుట్టినట్టు. ఆ పిల్ల తమరిని చూసింది ఒక్కరోజే. నలభై మంది చుట్టూ మూగితే సారు ఒకసారి గుచ్చి చూపించారు, వెనక వాళ్లు ఫోన్లలో వీడియో తీసుకున్నారు, అందరికీ సంతకాలు పడ్డాయి. తర్వాత తమరికి తాళం. వాడితే పాడైపోతారట! తమరి చర్మానికి ధర ఉంది. నాది ఉచితం.

మా షాపులో కొత్త కుర్రాడు మొదటి నెల దారం లేకుండా పాత పేపరు మీదే మిషను తొక్కాలి. గీత మీద చిల్లులు వరసగా పడితేనే గుడ్డ. పెళ్లి సూటు మీద నేర్చుకుంటానంటే మా యజమాని చెవి మెలిపెడతాడు.

తమరి వంశం గొప్పదేలెండి. నార్వేలో బొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ 1960లో ఒక ఆడమనిషి బొమ్మ చేశాడు, గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, ఊపిరి ఊదడం నేర్పడానికి. సీన్ నదిలో శవంగా దొరికిన అనామక యువతిది అని చెప్పుకునే ముఖం దానికి పెట్టాడు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. సరిగ్గా నొక్కినా పక్కటెముకలు విరగొచ్చు. గుండె కొట్టుకుంటున్నవాడి మీద అది ప్రాక్టీస్ చేయలేరు కాబట్టి ఆమెను బయటికి తీయక తప్పదు. సూది నా మీద నేర్చుకోవచ్చు కాబట్టి తమరు బీరువాలో ఉన్నారు.

ఆ పిల్లకు సోమవారం నుంచి వార్డు పోస్టింగ్. "తాళం తీయమని అడుగు బిడ్డా" అన్నాడు మా యజమాని. తాళంచెవి అటెండర్ దగ్గరుందట, అతను సెలవులో ఉన్నాడట. కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత, "మామా, నీ కుడిచెయ్యి నరాలు మస్తున్నయి గదా" అంది.

కుడి చేయి అప్పటి నుంచి జేబులోంచి బయటికి రానంటోంది. ఈ నాలుగు ముక్కలూ బతిమాలి రాయించాను. సంతకానికి మాత్రం ఒప్పుకోలే